మామ్మ పెట్టెలో కాసులు: కరిగించాలా, నాణేలుగా అమ్మాలా?

(ఆన్‌లైన్ చర్చ; ప్రతి పోస్టు పైనా రాసినవారి మారుపేరు ఉంది)

నాగావళి గట్టు (శ్రీకాకుళం), శనివారం ఉదయం

అందరికీ నమస్కారం. మా మామ్మ కార్తీకంలో కాలం చేసింది. ఆవిడ ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఇత్తడి ఆకువక్కల పెట్టె ఒకటి ఉంది. మూత బిగిసిపోయి ఇన్నేళ్లూ ఎవరూ తీయలేదు. మాసికం అయ్యాక నాన్న, చిన్నాన్న కూర్చుని తీశారు. లోపల రాజు బొమ్మ, రాణి బొమ్మ ఉన్న కాసులు ఏడు ఉన్నాయి. వాటిలో మూడింటికి పైన చెవి అతికించి ఉంది, ఎప్పుడో కాసుల పేరులోవి అనుకుంటాను. సీతారాముల పట్టాభిషేకం బొమ్మతో పెద్ద బిళ్ల ఒకటి. ఇవి కాక కందిబద్దంత చిన్నవి అయిదు. వాటి మీద ఏముందో నాకు అర్థం కాలేదు.

చెల్లి పెళ్లి మాఘంలో. ఇవన్నీ కరిగించి హారం చేయిద్దామని నాన్న అంటున్నారు. అమ్మేసి డబ్బు పంచుకుందామని చిన్నాన్న. నిన్న ఒక కొట్టుకి తీసుకెళ్లాం. అన్నీ కలిపి ఒకేసారి కాటాలో పోసి, తరుగు ఎనిమిది శాతం తీసి ధర చెప్పారు. చిన్నవాటిని వేలితో పక్కకి తోసి, 'ఇవి రెండు గ్రాములు కూడా లేవు, అందులోనే వేసేద్దాం' అన్నారు. నాకెందుకో మనసొప్పక అన్నీ మూటగట్టి వెనక్కి తెచ్చేశాను. నాన్నకి కోపం వచ్చింది. వీటికి బంగారం ధర కన్నా ఎక్కువ వస్తుందా? వస్తే ఎలా తెలుస్తుంది? ఒకసారి కరిగాక మళ్లీ రావు కదా, అదే టెన్షన్‌గా ఉంది.

ఇచ్ఛాపురం కుర్రాడు, శనివారం ఉదయం

అప్పా, అస్సలు ఇవ్వకండి! 1918 కాసు ఉంటే పది లక్షలని వీడియోల్లో చూపిస్తున్నారు. ఫోన్ నంబరు కూడా ఇస్తారు. ఫోటో పంపితే వాళ్లే ఇంటికొచ్చి కొనుక్కుంటారట.

కళింగ నాణేలు (విజయనగరం), శనివారం మధ్యాహ్నం

తమ్ముడూ, మంచి మనసుతోనే చెప్పావు. కానీ ఆ నంబర్లకి ఆ అమ్మాయి ఫోన్ చెయ్యకూడదు. వాళ్లు ముందు పది లక్షలంటారు, తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు అంటారు, ఆ తర్వాత పన్ను కట్టమంటారు. మన డబ్బు పోవడమే గానీ కాసు కొనడానికి ఎవరూ రారు. పాత నోట్లు, నాణేలు కొనే వ్యవహారంలో తాము లేమని, ఎవరి దగ్గరా కమిషన్ గానీ ఛార్జీ గానీ అడగబోమని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మా వీధిలోనే రిటైరైన పెద్దాయన ఒకరు ఇలా నలభై వేలు పంపారు.

అమ్మా, నాగావళి గట్టు గారూ, మీరు మూట వెనక్కి తేవడం చాలా మంచి పని. ఇక దేన్నీ తోమకండి. చింతపండు, కుంకుడు రసం, విభూతి, టూత్‌పేస్టు ఏదీ వద్దు. తోమితే పైన సన్నటి గీతలు పడతాయి. బంగారం కొనేవాడికి ఆ గీతలతో పని లేదు, నాణెం కొనేవాడు మాత్రం ముందు వాటినే చూస్తాడు. ఒక్కో కాసునీ విడిగా తూచండి, గ్రాములో నూరో వంతు దాకా చూపించే కాటా మీద. సంవత్సరం రాయండి. రెండు వైపులా పగటి వెలుగులో ఫోటో తీసి పెట్టండి. మొత్తం ఎంతొస్తుందన్న ప్రశ్నకి ఇప్పుడే జవాబు చెప్పలేను. మీ దగ్గర పదమూడు వస్తువులున్నాయి, పదమూడు జవాబులుంటాయి.

గీటురాయి (నరసన్నపేట), శనివారం రాత్రి

నలభై ఏళ్లుగా బంగారం పని చేస్తున్నాను తల్లీ. మా తాతల నుంచీ ఇదే వృత్తి. రెండు మాటలు చెప్తాను.

మొదటిది, ఎనిమిది శాతం తరుగు అన్యాయం. నగలో అతుకులుంటాయి, రాళ్లుంటాయి, లక్క ఉంటుంది, అక్కడ తరుగంటే అర్థముంది. కాసు ముద్ద బంగారం. అసలు సావరిన్, అంటే రాజు, రాణి బొమ్మలతో వచ్చిన బ్రిటిష్ బంగారు కాసు అయితే 22 క్యారెట్లు, అంటే వెయ్యికి 916 పాళ్లు పైన. పుటం పెట్టినా పోయేది మిల్లీగ్రాముల్లోనే. మిషన్ మీద మచ్చు, అంటే బంగారం ఎంత మేలిమో చూపించి, ఒకటి రెండు శాతం తీసుకునేవాడు న్యాయస్థుడు. మీ సొంత లెక్క మీరు కట్టుకోండి. లెక్క సులువు కావడానికి 22 క్యారెట్ల గ్రాము పదివేలు అనుకుందాం. కాసుకి ఎనభై వేలు. అందులో ఎనిమిది శాతమంటే ఆరువేల నాలుగు వందలు. ఏడు కాసుల మీద ఎంతవుతుందో చూడండి.

రెండోది కొంచెం కష్టంగా అనిపిస్తుంది. రాజు బొమ్మ కాసులు మన జిల్లాలో ఇంటింటా ఉన్నాయి. నా చేతులతోనే వందలు కరిగించాను. వాటిలో అపురూపమైనవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పాతది గనక ఎంతో విలువని అనుకోకండి. పైకం కోసం చూస్తూ కూర్చుంటే పెళ్లి వచ్చేస్తుంది.

ముందు అసలువో కాదో తేల్చుకోండి. మా వృత్తివాళ్లే పాత రోజుల్లో రాణి బొమ్మ అచ్చులు పెట్టి కాసులు కొట్టేవారు, కాసుల పేరుకి సంఖ్య సరిపోకపోతే. వాటిలో అక్షరాలు మొద్దుగా ఉంటాయి, అంచు గీతలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటాయి. నీళ్ల తూకం ఇంట్లోనే చూసుకోవచ్చు. కాటా మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి సున్నా చెయ్యండి. దారానికి కాసు కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. అప్పుడు కాటా చూపించే అంకెతో కాసు బరువును భాగించండి. 22 క్యారెట్లకి పదిహేడున్నర దగ్గర రావాలి. అసలు కాసైతే కాటా 0.45 గానీ 0.46 గానీ చూపిస్తుంది.

కళింగ నాణేలు, శనివారం రాత్రి

గీటురాయి గారి నీళ్ల తూకానికి తోడు కొలత కూడా చూడండి. సావరిన్ వ్యాసం 22.05 మిల్లీమీటర్లు. వెర్నియర్ లేకపోతే 2011 తర్వాత వచ్చిన రూపాయి బిళ్ల మీద పెట్టి చూడండి, అది 21.93. రెండూ దాదాపు ఒకే సైజు. కాసు అంతకంటే బాగా పెద్దగా కనిపించినా, చిన్నగా కనిపించినా అనుమానించాలి. బరువు కొత్తలో 7.988 గ్రాములు. అరిగి 7.937 కన్నా తగ్గితే ఆ రోజుల్లో చెల్లుబాటు పోయేది. మీ కాసులు ఎంత తిరిగాయో ఆ రెండు అంకెల మధ్య తెలుస్తుంది.

ఇంకొక్కటి. బంగారం సరిగ్గా ఉన్నంత మాత్రాన నాణెం అసలుదని కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బీరూట్ లాంటి చోట్ల మంచి బంగారంతోనే నకిలీ సావరిన్లు కొట్టారు. వాటికి బంగారం ధర వస్తుంది గానీ సేకరించేవాళ్లు పైసా ఎక్కువ ఇవ్వరు.

రంగూన్ మనవడు (కళింగపట్నం), ఆదివారం ఉదయం

ఇన్ని కాసులు మన ఊళ్లలోకి ఎలా వచ్చాయో మా ఇంట్లో కథలుగా చెప్పుకుంటారు. మా ముత్తాత రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేశారు. అప్పట్లో మన తీరం నుంచి ఓడ ఎక్కి పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. కూడబెట్టిన జీతాన్ని సావరిన్లుగా మార్చి నడుముకి గుడ్డ పట్టీలో కుట్టుకునేవారట. 1942లో జపాన్ వాళ్లు వచ్చినప్పుడు ఆయన నడిచి వచ్చారు. పట్టీలో పదకొండు పెట్టుకుని బయలుదేరితే ఇంటికి నాలుగు చేరాయి. మిగిలినవి దారిలో బియ్యానికీ, పడవకీ, మందుకీ ఇచ్చేశారట.

ఆ నాలుగింటిలో ఒకటి నా దగ్గర ఉంది. దాని మీద విలువ రాసి ఉండదు, మీరూ చూసి ఉంటారు. మన దేశంలో 1899 నుంచి సావరిన్ పదిహేను రూపాయలకి చట్టప్రకారం చెల్లేది. అందుకే జీతం రాళ్లు కాసులుగా మారేవి.

పొందూరు సన్నఖద్దరు, ఆదివారం ఉదయం

నాగావళి గట్టు, నువ్వు నా కన్నా చిన్నదానివనుకుని చనువుగా రాస్తున్నాను. మా అమ్మ కాసుల పేరు 1998లో కరిగించాను. ఇరవై రెండు కాసులు. పిల్లల చదువులకి గాజులు, గొలుసు చేయించి దాచుకుందామని. నేను ముందు గదిలో కూర్చున్నాను, లోపల కరిగించి ముద్ద తెచ్చి చూపించారు. తూకం అనుకున్న దానికి చాలా తక్కువ వచ్చింది. కాసులే లేవు, దేన్ని చూపించి అడగను? ఆ కొట్టు ఇప్పుడు లేదు. ఆ గాజులు కూడా తర్వాత అవసరానికి పోయాయి.

డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఇప్పటికీ గుర్తొచ్చేది ఒక కాసు. దాని వెనక గుర్రం, పాము బొమ్మ లేదు, డాలు బొమ్మ ఉండేది. అమ్మ దాన్ని నడిమధ్యలో గుచ్చుకునేది. అది వేరే రకమని అప్పుడు నాకు తెలియదు. కరిగిస్తే మీ కళ్ల ముందు కరిగించమనండి, అంతకంటే ముందు ఒక్కొక్కటీ ఫోటో తీసి పెట్టుకో.

కళింగ నాణేలు, ఆదివారం ఉదయం

మీ అమ్మగారి కాసు విక్టోరియా కాలంలో 1887 లోపుది అయి ఉండాలండి. ఆ తర్వాత ఆ కాలంలో డాలు బొమ్మతో కొట్టలేదు. చదువుతుంటే మనసుకి కష్టంగా ఉంది.

నాగావళి గట్టు, ఆదివారం సాయంత్రం

అందరికీ కృతజ్ఞతలు. మా స్కూల్లో సైన్స్ ల్యాబ్ కాటా తెచ్చుకున్నాను. చిన్నాన్న దారం పట్టుకున్నారు, నేను అంకెలు రాశాను, నాన్న దూరంగా కూర్చుని చూశారు. చివరికి ఆయనే కళ్లద్దాలు పెట్టుకుని సంవత్సరాలు చదివారు.

చెవి లేనివి నాలుగు. 1911 బరువు 7.97, 1912 బరువు 7.95, 1913 బరువు 7.98, 1918 బరువు 7.97. నాలుగూ రూపాయి బిళ్లతో సరిపోయాయి. నీళ్లలో 0.45, 0.46 చూపించాయి. చెవులున్నవి 1895, 1902, 1908. బరువులు 8.61, 8.55, 8.60. 1895 మీద ముసుగు వేసుకున్న ముసలి రాణి ఉంది. 1918 కాసు మీద గుర్రం కాళ్ల కింద, సంవత్సరానికి పైన, నేల గీత మీద చిన్న నిలువు గీతలాంటిది ఉంది. అది దెబ్బా, అక్షరమా?

పెద్ద బిళ్ల 11.20 గ్రాములు, నీళ్లలో 1.31 చూపించింది. భాగిస్తే ఎనిమిదిన్నరే వచ్చింది. రెండుసార్లు చూశాం.

చిన్నవి 0.41, 0.39, 0.42, 0.40, 0.38. ఒకవైపు కూర్చున్న ఎద్దులా ఉంది. రెండో వైపు ఏదో అక్షరం, అంకెలు. ఫోటోలు పెట్టాను.

గీటురాయి, ఆదివారం రాత్రి

ఎనిమిదిన్నరంటే ఇత్తడి తల్లీ. పైన బంగారు పూత. పట్టాభిషేకం బిళ్లలు గుళ్ల దగ్గర, తీర్థాల్లో అమ్మేవారు, పూజలో పెట్టుకోవడానికి. కొట్టులో అన్నీ కలిపి తూచారన్నారు కదా. దీన్ని కూడా బంగారంలో కలిపి తూచి ధర చెప్పారంటే, కరిగాక మచ్చు తగ్గిందని మీ కాసులన్నిటికీ ధర కోసేవారు. విడిగా తూచమని విజయనగరం పెద్దాయన చెప్పింది అందుకే. దాన్ని దేవుడి దగ్గర పెట్టుకోండి.

చెవులున్న వాటి గురించి. చెవి తీయించకండి. తీసినా అతికిన మచ్చ పోదు, కాసు తలమీద గుంట కనబడుతుంది. అతుకులో పెట్టింది తక్కువ వన్నె బంగారం, కొట్టువాళ్లు దానికి కొంచెం తీస్తారు, అది న్యాయమే. ఆ మూడూ బంగారం కిందే లెక్క.

కళింగ నాణేలు, ఆదివారం రాత్రి

చెవుల విషయంలో గీటురాయి గారితో ఏకీభవిస్తాను. 1918 మీద ఉన్నది దెబ్బ కాదమ్మా, ఇంగ్లీషు 'ఐ' అక్షరం. ఇండియా అని గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడల మీద బంగారం లండన్‌కి పంపడం ప్రమాదమైంది. బొంబాయి టంకశాలలో లండన్ రాయల్ మింట్ శాఖ తెరిచి 1918లో సావరిన్లు కొట్టారు. ఆ ఒక్క సంవత్సరమే కొట్టారు. ఇదే చోట సిడ్నీకి 'ఎస్', మెల్బోర్న్‌కి 'ఎం', పెర్త్‌కి 'పి' ఉంటాయి. ఏ అక్షరమూ లేకపోతే లండన్.

ఒకే ఒక సంవత్సరం, మన దేశంలోనే పుట్టిన కాసు. అందుకే దీని మీద వీడియోలు. కానీ దాదాపు పదమూడు లక్షల కాసులు కొట్టారు, అందుకే పది లక్షలు రావు. సేకరించేవాళ్లు బంగారం మీద కొంత ఎక్కువే ఇస్తారు, అదీ కాసు గీతల్లేకుండా ఉంటే. అదే ఏడు బొంబాయిలోనే పదిహేను రూపాయల బంగారు నాణెం కూడా కొట్టారు. బరువు, సైజు సావరిన్‌వే, కానీ వెనక గుర్రం బదులు విలువ రాసి ఉంటుంది. అది అయితే మాట వేరేగా ఉండేది. ఎవరింట్లోనైనా వెనక గుర్రం లేని జార్జి రాజు కాసు ఉంటే ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఇక ఆ చిన్నవి. ఫోటో తెరిచి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. రేపు తీరిగ్గా రాస్తాను. ఈలోగా వాటిని ఎవరికీ ఇవ్వకండి, కలిపి ఒకే సంచిలో వెయ్యకండి. ఒక్కోదాన్నీ మెత్తటి కాగితంలో చుట్టి పెట్టండి.

ఇచ్ఛాపురం కుర్రాడు, ఆదివారం రాత్రి

అప్పా, మా ఇంట్లో ఇత్తడి రంగు బిళ్ల ఒకటుంది. ఆంజనేయస్వామి బొమ్మ, ఈస్టిండియా కంపెనీ, 1818 అని ఉంది. సార్, దాని సంగతి కూడా చెప్పండి.

కళింగ నాణేలు, సోమవారం ఉదయం

తమ్ముడూ, కంపెనీ వాళ్లు అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. 'యూకేఎల్ వన్ అణా' అని కూడా ఉంటుంది చూడు. తీర్థాల్లో అమ్మిన బిళ్ల అది. దానికోసం ఎవరికీ డబ్బు పంపకు.

నాగావళి గట్టు గారూ, మీ చిన్న బిళ్లలు గంగ రాజుల పణాలు, అంటే చిన్న బంగారు నాణేలు. మన కళింగ గంగులవి. పెద్దవాళ్లు రూకలనీ, చిన్నాలనీ అన్నది ఇలాంటి వాటినే. ఒకవైపు పడుకున్న నంది, ఇంకోవైపు 'స' అక్షరం, పక్కన అంకుశం, కింద అంకెలు. 'స' అంటే సంవత్సరం. రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో ఆ అంకె చెబుతుంది. రాజు పేరు మాత్రం ఉండదు, అందుకే ఫలానా రాజుదని గట్టిగా చెప్పడం కష్టం.

మీరు శ్రీకాకుళంలో ఉండి ఇవి ఎక్కడివో అని అడుగుతున్నారు. ఆ రాజుల కళింగనగరం మీ శ్రీముఖలింగమే. అనంతవర్మ చోడగంగు 1078లో పట్టాభిషిక్తుడయ్యాడు. ఆయన కాలంలోనే పూరీ జగన్నాథుడి గుడి మొదలైంది. శ్రీముఖలింగంలోని మధుకేశ్వరుడి గుడి గోడల మీద అఖండ దీపాలకి మాడలు ఇచ్చినట్టు శాసనాలున్నాయి. మాడ పెద్ద నాణెం, రూక చిల్లర. అంటే మీ మామ్మ ఆకువక్కల పెట్టెలో ఉన్నది ఆనాటి చిల్లర.

వాళ్ల సంవత్సరాల లెక్క విచిత్రంగా ఉంటుంది, దాన్ని అంక అంటారు. ఒకటిని లెక్కపెట్టరు. ఆరుతో ముగిసే అంకెలు, సున్నాతో ముగిసేవి వదిలేస్తారు, పదిని మాత్రం ఉంచుతారు. అందుకని నాణెం మీది అంకె, అసలు ఏలుబడి ఏడు ఒకటి కావు.

ధర సంగతికొస్తాను. ఒక్కోదానిలో బంగారం అర గ్రాము కూడా లేదు. కొట్టులో రెండు గ్రాములని పక్కకి తోశారంటే బంగారం లెక్కలో అది తప్పు కాదు. కానీ ఇవి సేకరించేవాళ్లు బంగారం ధర చూసి కొనరు. నేను ఇరవై ఏళ్లలో కొన్నవన్నీ బంగారం విలువకి పైనే కొన్నాను. అంకె పూర్తిగా అచ్చులో పడి ఉంటే ఇంకా పైకి వెళ్తుంది. బిళ్ల చిన్నది, అచ్చు పెద్దది, అందుకని సగం అక్షరాలు అంచు దాటిపోతాయి. మీ అయిదింటిలో రెండింటికి అంకె పూర్తిగా ఉంది. ఇవి లక్షలు తేవు. అయినా ఇవి కరిగించే మూసలో పడితే నాకు నిద్ర పట్టదు.

గీటురాయి, సోమవారం మధ్యాహ్నం

నేను ఇలాంటి కందిబద్దలు చాలా కరిగించాను. మా నాన్నగారు గురివింద గింజలతో తూచేవారు, మూడు గింజలకి కాస్త పైన తూగేవి. పాత పుస్తెల పక్కన కట్టుకునే గుళ్లలో వేసేవాళ్లం. అవి ఏమిటో మాకెవరూ చెప్పలేదు. ఈసారి ఎవరైనా తెస్తే ముందు ఫోటో తీసి ఇక్కడ పెడతాను.

ప్లీడరు గుమస్తా (టెక్కలి), సోమవారం సాయంత్రం

ఇప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న. ఆ చిన్నవి మీ ఇంటికి ఎలా వచ్చాయి? భూమిలో దొరికినవైతే 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. నేలలో దాగి ఉండి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకి తెలియజేయాలి. పది రూపాయలన్నది ఆ కాలపు అంకె, ఇప్పటికీ చట్టంలో అదే ఉంది. తరతరాలుగా ఇంట్లో ఉన్న సొత్తు అయితే వేరు.

రెండోది 1972 పురావస్తువుల చట్టం. నూరేళ్లు దాటిన నాణెం దాని కిందికి వస్తుంది. దేశం దాటించకూడదు. విదేశాల నుంచి ఎంత పెద్ద ధర చెప్పినా పోస్టులో పంపకండి. అమ్మితే లైసెన్సు ఉన్న వ్యాపారికే అమ్మి, రశీదు తీసుకోండి. 1911, 1912, 1913 కాసులు, 1918 కాసు కూడా నూరేళ్లు దాటినవే, మరిచిపోకండి.

డబ్బు విషయం. ఒకరి దగ్గర ఒకే రోజు రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. బ్యాంకు ద్వారా తీసుకోండి. వారసత్వంగా వచ్చిన బంగారం అమ్మితే లాభం మీద పన్ను పన్నెండున్నర శాతం. పాత సొత్తు గనక 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపించుకోవచ్చు. పాతది ఇచ్చి కొత్త నగ తీసుకోవడం కూడా అమ్మకం కిందికే వస్తుంది, చాలామంది ఇది గమనించరు. మీ నాన్నగారు, చిన్నాన్నగారు ఇద్దరి వాటాలూ ముందే కాగితం మీద రాసుకుంటే ఎవరి లెక్క వారు చూపించుకోవచ్చు.

నాగావళి గట్టు, మంగళవారం రాత్రి

గుమస్తాగారి ప్రశ్న చదివి గుండె దడదడలాడింది. ఎందుకంటే చిన్నాన్న ఒకసారి, ముఖలింగం వైపు పొలంలో ఎరువు తోలుతుంటే దొరికాయని మామ్మ అన్నట్టు గుర్తని చెప్పారు. అలా అయితే అమ్మడం మాట పక్కన పెట్టి, ముందు కలెక్టరాఫీసుకే వెళ్దామని నాన్న గట్టిగా అన్నారు. ఆ మాట నాన్న నోటి నుంచి వచ్చేసరికి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఈరోజు సెలవు పెట్టి మామ్మ చెల్లెలు, మా చిన్న మామ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. పెట్టె చూడగానే చేతిలోకి తీసుకున్నారు. పొలంలో దొరికింది రాతి నంది అట. అది ఊరి గుడిలోనే ఉంది. ఈ బద్దలు వాళ్ల అమ్మకి అత్తగారు ఇచ్చినవి, వరలక్ష్మీ వ్రతం రోజున కలశం దగ్గర అయిదూ పెట్టేవారు, ఒక్కటి తక్కువైనా ఇల్లంతా వెతికించేవారట. అందుకే మామ్మ విడదీయకుండా తెచ్చుకుందని చెప్పారు. ఆవిడ చెప్పిందంతా కాగితం మీద రాసి, తేదీ వేసి, ఆవిడ సంతకం, మా ఇద్దరి సంతకాలు పెట్టించాను. సరిపోతుందా గుమస్తాగారూ?

ప్లీడరు గుమస్తా, బుధవారం ఉదయం

మంచి పని చేశారమ్మా. ఆ కాగితం, ఫోటోలు, తూకాల పట్టిక ఒకే కవరులో పెట్టండి. అమ్మే ఆలోచన వస్తే అప్పుడు ఒక లాయరుకి ఆ కవరు చూపించి వెళ్లండి.

గీటురాయి, బుధవారం ఉదయం

హారం గురించి ఒక మాట. చెవులున్న మూడు కాసుల్నీ కరిగించడం దేనికి? కాసులు కాసులుగానే హారంలో దించండి. మధ్యలో ముసలి రాణి, అటొకటి ఇటొకటి. చెవులు ఎలాగూ ఉన్నాయి. మిగతా గొలుసుకే బంగారం కావాలి, మజూరీ కూడా తగ్గుతుంది. మొన్న పైకం కోసం చూస్తూ కూర్చోవద్దని నేనే అన్నాను. చెవి లేని కాసుల విషయంలో ఇప్పటికీ అదే మాట. ఎక్కడో వేలానికి పంపితే వాళ్ల కమిషన్, మీ రానుపోను ఖర్చు, నెలల తరబడి ఎదురుచూపు పోగా మిగిలేది కొంచెమే.

కళింగ నాణేలు, బుధవారం మధ్యాహ్నం

మామూలు 1911, 1912, 1913 సావరిన్లకి వేలం దండగ అన్నది నిజమే. కానీ నాణేల వ్యాపారిని ఒక్కసారి అడగకుండా కొట్టుకి ఇవ్వడం మాత్రం నేను ఒప్పుకోను. అతను తరుగు తీయడు, అదొక్కటే చాలు. ఇద్దరి దగ్గరా ఒకే రోజు, ఒకే బంగారం ధర మీద అడగండి.

పొందూరు సన్నఖద్దరు, బుధవారం రాత్రి

మూడు కాసుల హారం మాట చదివి ఏడుపొచ్చింది. చేయించాక ఫోటో పెట్టమ్మా.

నాగావళి గట్టు, పది రోజుల తర్వాత

ఆలస్యానికి క్షమించండి, పెళ్లి పనుల్లో ఉన్నాను.

మొదటి కొట్టుకి మళ్లీ వెళ్లలేదు. వేరే కొట్టులో మిషన్ మీద చూపించి, కాసులకి రెండు శాతం తీస్తామన్నారు. అదే రోజు మధ్యాహ్నం విశాఖలో లైసెన్సు ఉన్న నాణేల వ్యాపారికి చూపించాం. 1911, 1912, 1913 మూడింటికీ పూర్తి బంగారం ధర మీద మూడు శాతం కలిపి ఇచ్చారు. రశీదు ఇచ్చి, డబ్బు బ్యాంకులో వేశారు. మూడు కాసులూ కలిపి 23.90 గ్రాములు. గీటురాయి గారి పదివేల లెక్కలో చెప్పాలంటే, మొదటి కొట్టు మాట ప్రకారం రెండు లక్షల ఇరవై వేలు కూడా దాటదు. ఇక్కడ రెండు లక్షల నలభై ఆరు వేలు దాటింది. ఆ తేడా చూసి నాన్న దారంతా ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అమ్మతో 'గుంట మూటగట్టి తేకపోతే ఏమయ్యేది' అన్నారట.

1918 కాసుకి ఆయన ఇంకొంచెం ఎక్కువ చెప్పారు. చిన్నాన్న ఉంచుకుంటానన్నారు, తన వాటాలో తగ్గించుకున్నారు. హారం పని మొదలైంది, ముసలి రాణి మధ్యలోనే. పూత బిళ్ల దేవుడి గూట్లో ఉంది.

పణాలు అమ్మడం లేదు. వచ్చే శ్రావణంలో కలశం దగ్గర పెడతానని చెల్లి అడిగి తీసుకుంటోంది, అయిదూ కలిపే. ఇవ్వడానికి ముందు ఒకదాన్ని భూతద్దంతో చూశాను. 'స' కింద ఒకటి, అయిదులా ఉంది. ఫోటో పెడుతున్నాను, చూసి చెప్పండి గురువుగారూ.

కళింగ నాణేలు, అదే రోజు రాత్రి

సరిగ్గానే చదివారమ్మా. ఆనాటి అంకెలు మన తెలుగు అంకెలకి దగ్గరగానే ఉంటాయి, అందుకే పట్టుకోగలిగారు. అంక పదిహేను. ఒకటి, ఆరు తీసేస్తే ఏలుబడి పదమూడో ఏడు. నందికి ఎదురుగా నెలవంక కూడా ఉన్నట్టుంది, ఫోటోలో నీడ పడింది. మిగతా నాలుగూ చూపించగలరా?

నాగావళి గట్టు, అదే రోజు రాత్రి

ఆదివారం పొద్దున్న ఎండలో తీసి పెడతాను.